కొండ కంది, మెట్ట ఉలవ: మన చేతిలో ఉన్న ప్రొటీన్ వ్యాపారం

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచినప్పుడు ఒక మాట అన్నారు. “మేడం, ఉద్యోగాల గురించి అందరూ చెబుతారు, మీరు వ్యాపారం గురించి చెప్పండి” అని. మేము వ్యాపారులం కాము. గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్లం. అయితే ఇంతమంది పిల్లలకు ఈ పూట ఏం వండాలి, పప్పు ఎంత పోయాలి, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పగిలాయి అనే లెక్కలోనే మా పొద్దు గడుస్తుంది. ఆ లెక్కల్లోంచి మాకు తెలిసిన సంగతులే మీకు చెబుతాం.

మేము టీచర్ ట్రైనింగ్ చదివి, పాఠాలు చెప్పి, తర్వాత ఈ పనిలోకి వచ్చిన వాళ్లం. అందుకని పాఠంతోనే మొదలుపెడతాం. ఒకసారి స్టడీ అవర్‌లో ఏడో తరగతి పిల్లను “మాంసకృత్తులు వేటిలో ఉంటాయి?” అని అడిగాం. “మాంసంలో” అంది. “ఇంకా?” అంటే కాసేపు ఆలోచించి “కోడి మాంసంలో” అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల తప్పేమీ లేదు, పేరే అలా పెట్టారు. పుస్తకంలో మాంసకృత్తులు అని రాస్తారు, బజారులో ప్రొటీన్ అంటారు. ఆ రెండు మాటలకీ మధ్య, ఆ మధ్యాహ్నం ఆమె కంచంలో ఉన్న కందిపప్పుకు చోటు లేకుండా పోయింది. మన వ్యాపారం కూడా సరిగ్గా అక్కడే జారిపోతోంది.

ఈ మధ్య మా పాత విద్యార్థిని తమ్ముడొకడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. అక్కడ సెక్యూరిటీ పని, సాయంత్రం జిమ్ము. చేతిలో పెద్ద డబ్బా. మూడు వేలు పెట్టి కొన్నానన్నాడు. మేము కళ్లజోడు పెట్టుకుని వెనక అక్షరాలు చదివాం. సోయా, పాలపొడి, రుచికి ఏవో కలిపారు. “మీ ఇంట్లో ఈ ఏడు కందులు ఎన్ని పండాయిరా?” అని అడిగాం. “మూడు బస్తాలు. సంతలో అమ్మేశాం మేడం” అన్నాడు. మూడు బస్తాల ప్రొటీన్‌ను కొండ దింపి అమ్మేసి, ఒక డబ్బా ప్రొటీన్‌ను బస్సులో మోసుకొచ్చాడు. వాడిని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. మన ఇళ్లన్నిటిలో ఇదే జరుగుతోంది, కొందరికి డబ్బా ఉంది, కొందరికి అదీ లేదు.

ఇవాళ పట్నాల్లో ప్రొటీన్ అనే మాటకు పెద్ద గిరాకీ వచ్చింది. మజ్జిగ, లస్సీ, పనీర్ లాంటి వాటిని అమూల్ లాంటి సంస్థలే ‘హై ప్రొటీన్’ పేరుతో అమ్ముతున్నాయి. బిస్కట్టు మీద ప్రొటీన్, బ్రెడ్డు మీద ప్రొటీన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. ఇప్పుడు మన గాదెలోకి చూడండి. వంద గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాములు. కందిపప్పులోనూ దాదాపు అంతే. బొబ్బర్లు కూడా ఆ వరసలోవే. వేరుశనగ గింజల్లో ఇంకొంచెం ఎక్కువ. చోళ్లలో 7 గ్రాములు. ఒక గుడ్డులో 6. పుట్టగొడుగుల గురించి చాలామంది గొప్పగా చెబుతారు గానీ పచ్చివాటిలో నూటికి తొంభై వంతులు నీళ్లే, ప్రొటీన్ 3 గ్రాములు. పుట్టగొడుగులు పెంచితే డబ్బు రావచ్చు, అది వేరే వ్యాపారం. దాన్ని ప్రొటీన్ అని చెప్పి అమ్మకండి.

చోళ్ల గురించీ ఒక మాట. మన చోడి అంబలికి సున్నం, ఇనుము, పీచు ఉన్నాయని గర్వపడదాం. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం భారతి, శ్రీచైతన్య లాంటి మంచి చోడి రకాలు ఇచ్చింది, వాటిని వేసుకుందాం. కానీ చోడి ఒక్కదాన్నీ ప్రొటీన్ పొడి అంటే అబద్ధం. పెద్దలు అంబలి పక్కన పప్పో, ఉలవలో, ఎండు నెత్తళ్లో ఎందుకు పెట్టారో ఆలోచించండి. చోడిలో తక్కువైనది పప్పులో ఉంది, పప్పులో తక్కువైనది చోడిలో ఉంది. రెండూ కలిస్తేనే ఒంటికి పూర్తిగా పడుతుంది. పోడులో చోడి, సామ, కంది కలిపి చల్లిన చేతికి ఈ సంగతి తెలుసు.

ఇప్పుడు కంది దగ్గరికి వస్తాం. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాం, ఎందుకంటే మన సవర, జాతాపు ఊళ్లలో కందికొత్త పండుగ చేయకుండా కొత్త కంది నోట పెట్టం. అంత గౌరవం ఇచ్చే పంటను పండుగ అయిన వారంలోపే కుంచంతో కొలిచి ఇచ్చేస్తాం. కోత వేళ అందరూ ఒకేసారి అమ్ముతారు, అప్పుడే ధర పడుతుంది. అప్పు ఇచ్చిన షావుకారు కొలతే కొలత. సీతంపేట సంతయినా, దోనుబాయి అయినా, గుమ్మలక్ష్మీపురం అయినా కథ ఒకటే. మొదటి వ్యాపార పాఠం ఇక్కడే ఉంది, దానికి పెట్టుబడి ఒక కాటా. కుంచం మానేసి కిలోల్లో తూచి అమ్మండి. 2025–26 ఖరీఫ్ కందులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ అంకె తెలియకుండా సంతకు వెళ్లవద్దు.

రెండో పాఠం పప్పు చేయడం. ఇక్కడ మీకు ఆశ పెట్టదలచుకోలేదు, లెక్కే చూపిస్తాం. క్వింటాలు కందులు మద్దతు ధరకే కొన్నారనుకుందాం. మంచి మిల్లులో ఆడిస్తే 70 కిలోలు, బాగా కుదిరితే 75 కిలోల పప్పు వస్తుంది. 70 అనే అనుకుందాం. కిలో 130 చొప్పున అమ్మితే 9,100. ఆడించిన కూలి, సంచులు, ఆటో కలిపి 800 అయిందనుకోండి. మిగిలేది 300, కాస్త నూక, పొట్టు. పొట్టు పశువులకు పనికొస్తుంది. 300 కోసం ఇంత కష్టమా అంటారు. నిజమే. అదే పప్పును పాలిష్ లేని కొండ కందిపప్పు అని నమ్మకంగా చెప్పి, పట్నంలో తెలిసినవాళ్లకు కిలో 160కి అమ్మగలిగితే 11,200. అప్పుడు మిగులు 2,400. పప్పు అదే, చేసిన పని అదే. డబ్బు తిరగలిలో లేదు, కొనేవాడి నమ్మకంలో ఉంది. ఆ నమ్మకం రావాలంటే ప్రతిసారీ రాయి లేకుండా, పురుగు లేకుండా, తూకం తగ్గకుండా పప్పు వెళ్లాలి. అందుకు రెండేళ్లు పడుతుంది. రెండు నెలల్లో రాలేదని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాం.

ఈ సంగతి జీడితో పోల్చి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మన కొండల జీడిపిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన దిగిపోతాయి. పలాసలో వాటిని కాల్చి, కొట్టి, ఒలిచి, గ్రేడు చేస్తే బస్తాకు 20 కిలోల పైన పప్పు వస్తుంది. ఆ పప్పు దేశమంతా వెళుతుంది. పలాస వాళ్లు మన దగ్గర ఏదీ దొంగిలించలేదు, పని నేర్చుకున్నారు. పిక్క పండించినవాళ్లం మనం, పప్పుకు పేరు తెచ్చుకున్నవాళ్లు వాళ్లు. కంది, ఉలవ విషయంలో ఆ పేరు ఇంకా ఎవరూ తీసుకోలేదు.

ఉలవ గురించి మా సొంత నష్టం చెబుతాం. మా హాస్టల్లో చదివి పెళ్లయి ఊళ్లోనే ఉన్న నలుగురు ఆడపిల్లలు ఏదైనా చేద్దాం మేడం అని వచ్చారు. చోడి, ఉలవ, బెల్లం కలిపి సత్తు పొడి చేయించాం. పిండి వేడిగా ఉండగానే కవర్లో పోసి సీలు వేశారు. వేయండి అన్నది మేమే. బస్సు టైమవుతోంది మరి. లోపల చెమ్మ పట్టి వారం తిరక్కుండా గడ్డ కట్టింది, వాసన వచ్చింది. పట్నంలో కొట్టువాడు నలభై ప్యాకెట్లు వెనక్కి పంపాడు. అది కొట్టువాడి తప్పు కాదు. వేపిన గింజను పళ్లెంలో పూర్తిగా చల్లార్చాలి, పిండి ఆడించాక మళ్లీ చల్లార్చాలి, ఆ తర్వాతే కవరు. మా నలభై ప్యాకెట్లు మాకు ఇది నేర్పాయి.

రెండో తప్పు ఇంకా పెద్దది. ప్యాకెట్ మీద ‘హై ప్రొటీన్’ అని అచ్చు వేయించాం. తర్వాత ఒక రాత్రి కూర్చుని లెక్క కట్టాం. వంద గ్రాముల పొడిలో చోడి 50, ఉలవ 20, బెల్లం 30. చోడి నుంచి మూడున్నర గ్రాములు, ఉలవ నుంచి 4.4, బెల్లం నుంచి సున్నా. మొత్తం 8 గ్రాములు కూడా లేదు. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం ఘన పదార్థాన్ని ‘హై ప్రొటీన్’ అనాలంటే వంద గ్రాముల్లో రోజు అవసరంలో 20 శాతం ప్రొటీన్ ఉండాలి. అంటే సుమారు 11 గ్రాములు. మేము అచ్చు వేయించింది తప్పు మాట. కవర్లన్నీ పక్కన పడేశాం. ఆ కవర్ల వెనక వైపు ఇప్పటికీ మా పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు.

తర్వాత పాళ్లు మార్చాం. ఉలవ 40, వేరుశనగ 20, చోడి 25, బెల్లం 15. ఇప్పుడు మీరు లెక్క కట్టండి, 15 గ్రాములు దాటుతుంది. ఇప్పుడు ఆ మాట రాసుకోవచ్చు. అయినా చేతి లెక్కతో సరిపెట్టకూడదు, గుర్తింపు ఉన్న ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించి ఆ అంకె వేయాలి. వేరుశనగ పడనివాళ్లు ఉంటారు, కాబట్టి వేరుశనగ కలిసిందని ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలి. ఇంకొకటి, వేరుశనగ కలిపాక నూనె ఉంటుంది, పొడి త్వరగా కమరు వాసన కొడుతుంది. కాబట్టి చిన్న ప్యాకెట్లు, తక్కువ రోజుల గడువు. ఉలవను పచ్చిగా పిండి ఆడించవద్దు. పచ్చి ఉలవలో ప్రొటీన్‌ను అరగనివ్వని గుణం ఉంటుంది. నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, వేపితే అది తగ్గుతుంది. మన అమ్మమ్మలు మూకుట్లో ఎర్రగా వేపిన తర్వాతే ఉలవల జోలికి వెళ్లేవారు.

ప్యాకెట్ అంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. కొందరు కుర్రాళ్లు సవర గోడబొమ్మను కవరు మీద వేస్తామన్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ బొమ్మ మొక్కు కోసం, పెద్దల కోసం వేసేది. చించి చెత్తబుట్టలో పడేసే కవరు మీద వేయవచ్చా లేదా అనేది ఊరి పెద్దలను అడగాలి. మేమైతే వేయం. పేరు మాత్రం మన భాషలో పెట్టుకోండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకుని నిఘంటువు రాశారు. మన మాటను మన ప్యాకెట్ మీద మనం రాసుకోవడానికి సిగ్గెందుకు?

గుడ్ల గురించి అడుగుతారని తెలుసు. హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు గుడ్లు చాలా కావాలి, నిజం. కానీ ఆ సరఫరా టెండర్ల మీద జరుగుతుంది, యాభై కోళ్లున్నవాడికి అది అందదు. ఆ ఆశతో అప్పు చేయవద్దు. సంతకు, చుట్టుపక్కల టిఫిన్ బళ్లకు అమ్ముకోవచ్చు. నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువ. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటికోసం తయారుచేసిన గ్రామప్రియ ఏడాదికి నూటయాభై పైన పెడుతుంది. కొక్కెర తెగులుకు టీకా వేయకపోతే మాత్రం ఒక్క వారంలో గంప ఖాళీ అవుతుంది. టీకా కోసం పశువైద్యుడి దగ్గరికి ముందు వెళ్లి, కోడిపిల్లల కోసం తర్వాత వెళ్లండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాం. చిన్న స్థాయిలో తినే వస్తువు ఏది అమ్మినా ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఏడాదికి వంద రూపాయలు. సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద యంత్రం ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా రాయితీ ఇచ్చారు. సంఘాల్లోని ఆడవాళ్లకు మనిషికి 40,000 మూలధనం కూడా అందులో ఉంది. దాని గడువు ఇప్పుడు ఎలా ఉందో వెలుగు కార్యాలయంలో అడిగి వెళ్లండి. వన్ ధన్ కేంద్రం అంటే 15 సంఘాలు, 300 మంది సభ్యులు. మీ అమ్మ పేరు అందులో ఉందో లేదో ఇంటికెళ్లి అడగండి, చాలామంది అమ్మలకు తాము సభ్యులమని కూడా తెలియదు. 1956 నుంచి ఉన్న జి.సి.సి. మనది. ఏ సరుకు ఏ ధరకు కొంటారో ముందే కనుక్కోండి. పప్పు యంత్రం గురించి, నిల్వ గురించి రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు, శ్రీకాకుళం వైపు వాళ్లయితే ఆమదాలవలసలో. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక సీతంపేట, భామిని వాళ్ల జిల్లా మారింది. పాత చిరునామాతో అర్జీ పెట్టి తిప్పించుకుని మాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు, అందుకని చెబుతున్నాం.

ఇప్పుడు మా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న మాట.

సెలవుల తర్వాత పిల్లలు తిరిగి వచ్చిన రోజు బరువు చూస్తాం. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్ల వెళ్లేటప్పటి కంటే రెండు కిలోలు తగ్గి వచ్చింది. జ్వరమా అంటే కాదంది. ఇంట్లో ఏం తిన్నావంటే అన్నం, చారు అంది. వాళ్లది కంది బాగా పండే ఊరు. ఆ ఏడు ధర బాగుందని గింజ మిగల్చకుండా అమ్మేశారట. ధర బాగుండడం వల్ల ఒక పిల్ల బక్కచిక్కింది. గిరాకీ గురించి మాట్లాడే చోట ఈ సంగతి ఎవరూ చెప్పరు.

దూరదేశంలో ఒక గింజ కథ కూడా వినండి. దక్షిణ అమెరికాలో బొలీవియా, పెరూ కొండల్లోని ఆదివాసులు తరతరాలుగా క్వినోవా పండించుకుని తినేవారు. అందులో ప్రొటీన్ ఉందని పట్నాల ప్రపంచానికి తెలిసింది. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరం అంది. ధర రెండింతలు, మూడింతలు పెరిగింది. కొండరైతులు బాగుపడ్డారు, నిజమే. కానీ ధర చూసి మిగతా దేశాల వాళ్లూ వేశారు, 2015 వచ్చేసరికి ధర కూలిపోయింది. 2023లో మనకూ చిరుధాన్యాల సంవత్సరం వచ్చింది. ఈ గిరాకీ పెరుగుతుంది, తగ్గుతుంది. తగ్గిన రోజున కూడా మన గాదెలో మన తిండి ఉండాలి.

అందుకని మా హాస్టల్ లెక్కే ఇంటికీ ఇస్తున్నాం. మనిషికి రోజుకు 30 గ్రాముల పప్పు. ఐదుగురు ఉన్న ఇంటికి ఏడాదికి 55 కిలోలు. అంత పప్పు కావాలంటే కందులు 75 నుంచి 80 కిలోలు. ఒక బస్తా చిల్లర. ఆ బస్తా మూతి కట్టి, పొడి బూడిద పట్టించి, వేపాకు వేసి అటక మీద పెట్టాక మిగిలిందే సరుకు. వ్యాపారం చేసే తమ్ముడు ఊళ్లో కొనడానికి వెళ్లినప్పుడు “ఇంటికి ఉంచుకున్నావా అత్తా?” అని అడిగి కొనాలి. ఉంచుకోలేదంటే ఆ బస్తా కొనవద్దు. వ్యాపారం తెలిసినవాళ్లు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. అత్త వచ్చే ఏడు మీకే అమ్ముతుంది, కుంచం షావుకారుకు కాదు.

పప్పు అమ్మి కారు కొన్నవాళ్లను మేము చూడలేదు. కానీ ఆ నలుగురు ఆడపిల్లలు ఈ ఏడు కూడా పని ఆపలేదు, చెన్నైకి ఇటుకబట్టీ పనికి వెళ్లలేదు. ఇప్పుడు నెలకు రెండుసార్లు వేపుతున్నారు. చల్లార్చడానికి పెద్ద పళ్లేలు కొనుక్కున్నారు. పొడి కంటే వట్టి వేపిన ఉలవలు, ఉప్పుకారం పట్టించినవే, బస్టాండులో ఎక్కువ పోతున్నాయని చెప్పారు. అది మేము ఊహించలేదు.

కందికొత్త అయిన తర్వాత వచ్చే రెండో ఆదివారం వాళ్లు మా హాస్టల్ వెనక వరండాలో పప్పు ఆడడం చూపిస్తారు. ఎర్రమట్టి పట్టించడం దగ్గర్నుంచి, ఎండబెట్టడం, తిరగలి మీద విరచడం, చెరగడం దాకా. చేట మీరే తెచ్చుకోవాలి, మా దగ్గర మూడే ఉన్నాయి. ఇంట్లో కందులుంటే రెండు కిలోలు తూచి తీసుకురండి. కుంచంతో కాదు, కాటా మీద తూచి. ఎంత తెచ్చారో, ఎంత పప్పు వచ్చిందో మీ పుస్తకంలో మీరే రాసుకుని వెళ్దురుగాని.